ఇంగ్లండ్ పల్లెలో హాలిడే కాటేజీలు నడపడం: శుక్రవారం పది నుంచి నాలుగు దాకా

మీరు అడిగింది ఇదీ: ఇద్దరూ రెడింగ్‌లో ఐటీ ఉద్యోగాలు చేస్తున్నారు, ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చేసింది. ఉత్తర ఇంగ్లండ్‌లో కొండలూ లోయలూ ఉన్న యార్క్‌షైర్ డేల్స్‌లో ఒక పాత ఫామ్‌హౌస్, దాని పక్కనే కాటేజీలుగా మార్చిన రెండు రాతి కొట్టాలు అమ్మకానికి ఉన్నాయి. ఉద్యోగాలు మానేసి వాటిమీదే బతకొచ్చా, రోజు ఎలా గడుస్తుంది అని. మేమూ అదే డేల్స్‌లో, వార్ఫ్ నది పైభాగాన, ఇంటిని ఆనుకుని ఉన్న రెండు కాటేజీలు చాలా ఏళ్లుగా నడుపుతున్నాం. మా వారు లీడ్స్‌లో ఉద్యోగం చేస్తూనే ఉన్నారు, కాటేజీలు నేను చూసుకుంటాను. కాబట్టి నా సలహా ముందే చెప్పేస్తాను: ఒకరు మానేయండి, ఇద్దరూ మానొద్దు. ఎందుకో కింద లెక్కతో సహా చెబుతాను.

ముందు పని సంగతి. ఈ వ్యాపారం మొత్తం శుక్రవారం ఉదయం పది గంటలకీ సాయంత్రం నాలుగు గంటలకీ మధ్య నడుస్తుంది. మిగతా రోజులు చేసేదంతా దానికి తయారీయే. పాత గెస్టులు పదికి వెళ్లాలి, కొత్తవాళ్లు నాలుగుకి రావాలి. కాగితం మీద ఆరు గంటలు. పదికి వెళ్లాల్సినవాళ్లు పదీ ఇరవైకి కూడా కారు డిక్కీలో సామాన్లు సర్దుతూనే ఉంటారు. నాలుగుకి రావాల్సినవాళ్లు మూడుంబావుకే గేటు దగ్గర కారాపి, కాస్త ముందే వచ్చేశాం, ఫర్వాలేదా అంటారు. రెండు కాటేజీలకీ ఒకే రోజు మార్పు పెట్టుకుంటే ప్రతి శుక్రవారం మగపెళ్లివారికి విడిది సర్దినట్టే ఉంటుంది. వీలైతే ఒకటి శుక్రవారం, ఒకటి శనివారం పెట్టుకోండి.

వరస ముఖ్యం. లోపలికి వెళ్లగానే కిటికీలన్నీ తెరిచి, ముందు పక్కల మీది బట్టలన్నీ తీసి మెషీన్‌లో పడేయాలి. తర్వాత వంటగది, ఎందుకంటే ఓవెన్‌లో ఏం మిగిల్చారో తెలిస్తే గానీ ఎంత టైం పడుతుందో తేలదు. డిష్‌వాషర్‌లో కడిగినవి అలాగే ఉన్నాయా, కడగనివి ఉన్నాయా చూడాలి. గ్లాసులు వెలుతురుకి పట్టుకుని చూడాలి. మాది సున్నపురాయి నేల, నీళ్లలో సున్నం ఎక్కువ. కెటిల్ అడుగునా షవర్ అద్దం మీదా తెల్ల పొర కడుతుంది, వారం వదిలేస్తే రెండో వారం గోకాల్సిందే. బాత్రూం తూములో వెంట్రుకలు, మంచం కింద సాక్సులు, సోఫా సందుల్లో పిల్లల బొమ్మలు, గోడ సాకెట్లలో మర్చిపోయిన చార్జర్లు. ఆఖరికి నేల తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి తలుపు దాకా రావాలి. ఫ్రిజ్‌లో పాలు, బల్లమీద పక్క ఫామ్ గుడ్లు, జామ్, స్కోన్లు అనే చిన్న కేకుల్లాంటివి పెట్టి దీపాలు వేసి తలుపేస్తే ఒక కాటేజీ అయినట్టు.

బట్టల గురించి కొత్తవాళ్లు తక్కువ అంచనా వేస్తారు. ఒక్కో మంచానికి మూడు జతలు కావాలి: ఒకటి పక్క మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. అన్నీ తెల్లవే కొనండి. రంగుల దుప్పట్లు అందంగా ఉంటాయి గానీ, మరక పడితే 60 డిగ్రీల్లో ఉతికి మళ్లీ అదే రంగు తెప్పించలేం. ఒంటికి గోధుమ రంగు రావాలని రాసుకునే ఫేక్ ట్యాన్, కళ్లకి పెట్టుకునే మస్కారా, ఈ రెండే నా ప్రధాన శత్రువులు. ప్రతి బాత్రూంలో చిన్న నల్ల తువ్వాలు ఒకటి పెట్టి, మేకప్ తుడుచుకోవడానికి అని చీటీ అంటిస్తే తెల్ల తువ్వాళ్లు సగానికి సగం బతుకుతాయి. ఉతకడం కన్నా ఆరబెట్టడం కష్టం. డేల్స్‌లో వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, డ్రయర్ నడిపితే కరెంటు బిల్లు. సీజన్‌లో దుప్పట్లు, గలీబులు దగ్గరి టౌన్ లాండ్రీకి ఇచ్చేయడమే మేలని నా అభిప్రాయం. తెల్ల దుప్పటి మీద ఒక్క వెంట్రుక కనపడితే రివ్యూలో మొదటి వాక్యం అదే అవుతుంది. అప్పుడు కిటికీలోంచి కనిపించే కొండ ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

క్లీనర్ దొరకడం ఇల్లు దొరకడం కన్నా కష్టం. పల్లెల్లో పనిచేసే వయసువాళ్లు తక్కువ, ఉన్నవాళ్లను అందరూ అదే శుక్రవారం అడుగుతారు. మాకు సాయం చేసే ఆవిడకి నేను ఊళ్లో రేటు కన్నా ఎక్కువే ఇస్తాను, జనవరిలో గెస్టులు లేకపోయినా పెయింటు, సర్దుళ్లు లాంటి పని ఇస్తాను. ఆవిడకి జ్వరమొస్తే మాత్రం ఆ రోజు రెండు కాటేజీలూ మీవే.

ఇక మిగతా వారం. సోమవారం నుంచి గురువారం దాకా ఫోన్లు, రిపేర్లు. ఫోన్లలో ముప్పావు వంతు మూడే విషయాలు: వైఫై, టీవీ రిమోట్, వేడినీళ్లు. డేల్స్‌లో చాలా లోయల్లో మొబైల్ సిగ్నల్ అందదు, కాబట్టి వైఫై లేకపోతే గెస్టుకి ప్రపంచం లేనట్టే. మీరు చూసిన ఇంటికి ఫైబర్ ఉందో లేదో మొదట కనుక్కోండి. ల్యాంకషైర్‌లో ఊరివాళ్లే 2011లో బార్న్ అనే సంస్థ పెట్టుకుని, రైతుల పొలాల్లోంచి తామే కందకాలు తవ్వి ఫైబర్ వేసుకున్నారు. అది డేల్స్ పడమటి పల్లెల దాకా వచ్చింది. అలాంటి అదృష్టం లేని లోయలూ ఉన్నాయి.

గ్యాస్ పైపులైన్ ఉండదు. కిరోసిన్ లాంటి హీటింగ్ ఆయిల్ ట్యాంకర్‌లో తెప్పించుకోవాలి, మామూలుగా 500 లీటర్లకి తక్కువ పోయరు. ట్యాంకు అడుగంటితే మడ్డి బాయిలర్‌లోకి లాగి అది ఆగిపోతుంది, అదీ సరిగ్గా క్రిస్మస్ ముందు రోజే ఆగుతుంది. కిటికీలు తెరిచి హీటింగ్ 25 డిగ్రీల్లో పెట్టేవాళ్లు ప్రతి వారం తగులుతారు. పై హద్దు బిగించే థర్మోస్టాట్ పెట్టుకోండి, దాన్ని గురించి ఎవరూ కంప్లైంట్ చేయలేదు.

కట్టెల పొయ్యి, అంటే వుడ్ బర్నర్, ఫొటోల్లో బుకింగులు తెచ్చేది, నిజంలో టెన్షన్ పెట్టేది. 2021 మే నుంచి ఇంగ్లండ్‌లో చిన్న మోతాదుల్లో తడి కట్టెలు అమ్మకూడదు, తేమ 20 శాతం లోపు ఉండాలి. రెడీ టు బర్న్ గుర్తున్నవే కొనండి. సగంమందికి మంట పెట్టడం రాదు. గాలి రంధ్రం మూసేసి, గది నిండా పొగ చేసుకుని ఫోన్ చేస్తారు. బొమ్మలతో ఒక పేజీ రాసి పొయ్యి పక్కనే పెట్టండి. బూడిద మాత్రం తప్పనిసరిగా మూతున్న ఇనుప బకెట్‌లోనే వేయమనండి. పైకి చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పు మర్నాటి దాకా ఉంటుంది, ప్లాస్టిక్ చెత్తడబ్బాలో వేస్తే డబ్బాతో పాటు గోడా పోతుంది.

నీళ్లు, మురుగు, ఈ రెండూ మీ ఊళ్లో నీటి కంపెనీ చూసుకునేవి, ఇక్కడ మీవే. మాకు కొండ ఊటనీళ్లు వస్తాయి. వాటికి ఫిల్టరు, క్రిములు చంపే యూవీ దీపం. ఆ దీపం ఏటా మార్చాలి. ఊటనీళ్లు గెస్టులకి ఇస్తే కౌన్సిల్, అంటే స్థానిక పాలక సంస్థ, ఏటా శాంపిల్ తీసి పరీక్షిస్తుంది, ఐదేళ్లకోసారి మొత్తం వ్యవస్థని తనిఖీ చేస్తుంది, ఫీజు మనదే. గట్టి వాన తర్వాత నీళ్లు లేత టీ రంగులో రావచ్చు, కుళ్లిన మొక్కలతో ఏర్పడిన కొండమీది పీట్ నేల రంగు అది. గెస్టుకి ముందే చెప్పకపోతే భయపడతారు. సెప్టిక్ ట్యాంకు గురించి ఒక్కటి గట్టిగా చూసుకోండి: 2020 జనవరి నుంచి సెప్టిక్ ట్యాంకు నీళ్లు నేరుగా వాగులోకో నదిలోకో వదలకూడదు. పాత ఫామ్‌హౌస్‌లకి ఇంకా అలాంటివే ఉండొచ్చు, మార్చాలంటే వేల పౌండ్ల ఖర్చు. అది అమ్మేవాళ్లతోనే తేల్చుకోవాలి. తడి టిష్యూలు టాయిలెట్‌లో వేయొద్దని ఎన్ని చీటీలు పెట్టినా వేస్తారు. డ్రెయిన్ రాడ్లు ఒక సెట్టు కొని వాడటం నేర్చుకోండి.

ప్రకృతి గురించి కూడా కొంచెం. పట్నం గెస్టుకి పల్లె అంటే నిశ్శబ్దం. జూన్, జూలైలో వాన లేని రెండు రోజులు దొరికితే రైతులు గడ్డి కోసి ఎత్తడానికి రాత్రి పదకొండు దాకా ట్రాక్టర్లు నడుపుతారు. ఎరువు చల్లిన రోజు వాసన కాటేజీలో పరుపు దాకా వస్తుంది. వేసవి చివర గొర్రెపిల్లల్ని తల్లుల నుంచి విడదీస్తారు. ఆ రెండు మూడు రాత్రులు తల్లులు ఆగకుండా అరుస్తూనే ఉంటాయి. ఒకసారి అర్ధరాత్రి ఒక గెస్టు ఫోన్ చేసి, కొండమీద ఎవరో జంతువుల్ని హింసిస్తున్నారు, పోలీసులకి చెప్పమంటారా అన్నారు. ఇప్పుడు ఆ వారాల్లో వచ్చేవాళ్లకి ముందే మెసేజ్ పెడతాను, పక్క రైతుని తేదీ అడిగి మరీ. అక్టోబర్‌లో ఎండ పడే అటక కిటికీల దగ్గర మత్తుగా తిరిగే ఈగలు పదుల్లో చేరతాయి. పొలాల్లోంచి చలికాలం గడపడానికి వచ్చేవి, మురికి వల్ల కాదు. వ్యాక్యూమ్‌తో లాగేయడమే. అదే నెల్లో ఎలుకలు కూడా. గోడ కిందా పైపుల చుట్టూ ఉన్న సందులు సెప్టెంబర్‌లోనే మూయించండి.

కుక్కల్ని రానిస్తే సెప్టెంబర్ నుంచి మార్చి దాకా బుకింగులు బాగా పెరుగుతాయి, నేనైతే రానివ్వమనే చెబుతాను. ఆ నెలల్లో వచ్చేది ఎక్కువగా స్కూలు పిల్లలు లేని జంటలు, రిటైరైనవాళ్లు, వాళ్లతో ఒక కుక్క. రాతి పలకల నేల ఉంటే శుభ్రం సులువు. కానీ ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే కాలం. అందరికీ తెరిచి ఉన్న కొండ భూముల్లో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కని పొట్టి తాడుతోనే నడిపించాలని చట్టం. పశువుల దగ్గరైతే ఎప్పుడూ అంతే. మీ గెస్టు కుక్క గొర్రెని తరిమిందంటే పక్క రైతుతో మీ సంబంధం ఆ పూటతో సరి.

మనవాళ్ల గెస్టుల సంగతి అడగలేదు గానీ చెప్పాలి. లీడ్స్, మాంచెస్టర్, లండన్ నుంచి తెలుగువాళ్లు ఈస్టర్‌కీ మే నెల బ్యాంక్ హాలిడేలకీ బాగా వస్తారు. మంచి గెస్టులు, ఇల్లు శుభ్రంగా పెట్టి వెళ్తారు. నలుగురి కాటేజీకి ఆరుగురు వస్తే ఫర్వాలేదు కదా అక్కా అని అడుగుతారు, ఫర్వాలేదనకండి. ఇన్సూరెన్సూ ఫైర్ లెక్కలూ ఆ నలుగురికే. వంటగదిలో పొగ అలారం బదులు వేడికి మోగే హీట్ అలారం పెట్టించండి, లేకపోతే ప్రతి తాలింపుకీ ఇల్లంతా మోగుతుంది. ఇండక్షన్ పొయ్యి పెడితే వాళ్లు తెచ్చుకునే అల్యూమినియం ప్రెషర్ కుక్కర్ పనిచేయదు, నేను ఒక స్టీలు కుక్కర్ అల్మారాలో ఉంచాను. బాత్రూంలో ఒక మగ్గు కూడా. ఇంగ్లీషువాళ్లు దాన్ని మొక్కలకి నీళ్లు పోయడానికి అనుకుంటారు. తెల్ల కిచెన్ బల్ల మాత్రం వేయించకండి, పసుపు మరక పోదు.

భద్రత కాగితాల్లో రాజీ లేదు. 2023 అక్టోబర్ 1 నుంచి ఎంత చిన్న కాటేజీకైనా ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్, అంటే నిప్పు ప్రమాదం ఎక్కడెక్కడ ఉందో అంచనా, పూర్తిగా రాసి ఉంచాలి. ఒకదానికొకటి కలిపిన అలారాలు, పొయ్యి ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం, బయటి తలుపు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునేలా తిప్పే గడియ ఉండాలి. చిమ్నీ ఏటా ఊడ్పించి సర్టిఫికెట్ తీసుకోవాలి. టీవీకి మామూలు ఇంటి లైసెన్స్ చాలదు, హోటళ్లకిచ్చే రకం తీసుకోవాలి. హాట్ టబ్, అంటే ఆరుబయట కూర్చునే వేడినీళ్ల తొట్టి, పెడితే అద్దె పెరుగుతుందని ఏజెంట్లు చెబుతారు. నిజమే. దానికి నీటి పరీక్షలు, రికార్డు, గెస్టులు మారినప్పుడల్లా నీళ్లు మార్చడం, అన్నీ ఆ ఆరు గంటల్లోనే. నేను పెట్టలేదు.

ఇప్పుడు డబ్బు. నలుగురు పట్టే కాటేజీ, ఏడాది సగటున వారానికి 700 పౌండ్లు, ఏడాదికి 30 వారాలు నిండింది అనుకుందాం. 21,000. ఏజెన్సీ ద్వారా అయితే కమిషన్ 20 శాతం, దానిమీద వ్యాట్, కలిపి 5,040. వారం బుకింగులూ మూడు నాలుగు రాత్రుల బుకింగులూ కలిపి 40 సార్లు క్లీనింగ్, లాండ్రీతో సహా ఒక్కోదానికి 90 అంటే 3,600. ఆయిల్, కరెంటు, కట్టెలు 3,000. ఇన్సూరెన్స్, వైఫై, చెత్త, నీటి పరీక్షలు 2,000. రిపేర్లు, పరుపులు, గిన్నెలు 2,000. మిగిలింది 5,360. దీంట్లోంచే లోన్ కట్టాలి, పన్ను కట్టాలి. క్లీనింగ్ మీరే చేసి, నేరుగా బుకింగులు తెచ్చుకుంటే ఈ అంకె రెట్టింపు దాటుతుంది, అందుకే దగ్గర ఉండి చేసేవాళ్లకే ఇది గిట్టుబాటు. రెండు కాటేజీలకైనా ఇద్దరి ఐటీ జీతాలు పూడ్చేంత రాదు.

పన్నుల్లో పాత సలహాలు నమ్మకండి. హాలిడే కాటేజీలకి ఉన్న ప్రత్యేక పన్ను విధానం 2025 ఏప్రిల్‌తో రద్దయింది. లోన్ వడ్డీ మొత్తం ఆదాయంలోంచి తీసేసుకోవడం ఇక కుదరదు, 20 శాతం మేర పన్ను తగ్గింపే వస్తుంది. ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఎక్కువ పన్ను శ్లాబులో ఉంటే ఇది గట్టిగా తగులుతుంది. ఇళ్ల మీద వేసే కౌన్సిల్ ట్యాక్స్ బదులు వ్యాపార స్థలాల మీద వేసే బిజినెస్ రేట్స్ కిందికి రావాలంటే ఏడాదిలో 140 రాత్రులు అద్దెకి ఇవ్వడానికి అందుబాటులో ఉండాలి, 70 రాత్రులు నిజంగా అద్దెకి పోవాలి. చిన్న వ్యాపారాల రాయితీతో ఆ రేట్స్ సున్నా కూడా కావచ్చు. 70 అందుకోలేకపోతే కౌన్సిల్ ట్యాక్స్, పైగా నార్త్ యార్క్‌షైర్‌లో 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లకి అది రెట్టింపు. రెడింగ్ ఇల్లు అమ్మకుండా కొంటే స్టాంప్ డ్యూటీ మీద అదనంగా 5 శాతం. అద్దె రాబడి 90,000 పౌండ్లు దాటితే వ్యాట్ కూడా, మీకు అంతదాకా రాదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, ఇలాంటి వ్యాపారం మొదలుపెట్టే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడగండి.

ఊరివాళ్లు ఎలా చూస్తారు అని మీ చివరి ప్రశ్న. మన ఒంటి రంగు కన్నా కాటేజీ పెద్ద సమస్య. 2022 జూన్‌లో యార్క్‌షైర్ తీరంలోని విట్బీ ఊళ్లో ఓటింగ్ పెడితే, కొత్త ఇళ్లు ఇక్కడ స్థిరంగా ఉండేవాళ్లకే ఇవ్వాలని పాల్గొన్నవాళ్లలో 90 శాతానికి పైగా అన్నారు. దానికి చట్టబలం లేదు గానీ మనసులో మాట తెలిసింది. పిల్లలు లేక స్కూళ్లు మూతపడే లోయల్లో, కిటికీలు చీకటిగా ఉండే ఇళ్లంటే కోపం సహజం. మీరు ఫామ్‌హౌస్‌లోనే కాపురముంటారు కాబట్టి మీ స్థానం మెరుగు. పిల్లల్ని ఊరి స్కూల్లోనే వేయండి. గుడ్లు, మాంసం, కట్టెలు, చిమ్నీ పని అన్నీ ఆ లోయవాళ్ల దగ్గరే కొనండి. 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుఫాను వచ్చి ఉత్తరాదిలో కొన్ని చోట్ల వారం పైగా కరెంటు లేనప్పుడు, చెట్లు తొలగించిందీ జనరేటర్లు పంచుకుందీ పక్క రైతులే. కరెంటు పోతే 105కి ఫోన్ చేయాలి, కానీ ఫోన్ కూడా ఇంటర్నెట్ లైను మీదే అయితే అదీ పోతుంది. ఇంట్లో బ్యాటరీ బ్యాకప్ ఒకటి పెట్టుకోండి.

ఆఫర్ పెట్టే ముందు అమ్మేవాళ్లని ఇవి అడగండి: గత మూడేళ్ల బుకింగ్ లెక్కలు నెలవారీగా, సెప్టిక్ ట్యాంకు కాగితాలు, నీటి పరీక్ష ఫలితాలు, ఇల్లు లిస్టెడ్ బిల్డింగా (అనుమతి లేకుండా మార్చకూడని రక్షిత పాత కట్టడమా) కాదా, పైకప్పులో గబ్బిలాలున్నాయా. గబ్బిలాలుంటే చట్టం వాటి పక్షమే, కప్పు పనికి లైసెన్స్ కావాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ప్లానింగ్ షరతు చూడండి. ఇలా మార్చిన కొట్టాలు చాలావాటికి హాలిడే అద్దెకి తప్ప ఎవరూ కాపురం ఉండకూడదని షరతు ఉంటుంది. రేపు వ్యాపారం ఆపేసి మీ అమ్మానాన్నల్ని అందులో ఉంచుదామన్నా కుదరదు. కాగితాలు చేతికొచ్చాక జనవరి నెలాఖరులో, ఎవరో చెప్పకుండా, మామూలు గెస్టుల్లా ఆ కాటేజీనే మూడు రాత్రులకి బుక్ చేసుకోండి. తేమ వాసన, బాయిలర్, షవర్ నీళ్ల ఒత్తిడి, రాత్రిపూట ఆ సన్న రోడ్డు మీద ఎదురొచ్చే కారుకి వెనక్కి నడపడం, అన్నీ ఒకేసారి తెలుస్తాయి. ఆ సీజన్ అద్దె, కొనేముందు ఇల్లు పరీక్షించే మీ సర్వేయర్ ఫీజు కన్నా తక్కువే ఉంటుంది.